గృహదర్శనము: బిడ్డలకు హాని కలుగక మునుపు

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన సభలో గృహదర్శన బృందము వారు చదివిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రికలో మా అంశము "క్రైస్తవ కుటుంబము" అని అచ్చయినది. కమిటీవారు మాకు మొదట ఇచ్చిన అంశము అది కాదు. ఇళ్ళలో పిల్లలు దెబ్బలు తినుట, చూచువారు లేక పాడగుట, అంతకంటె చెప్పరాని సంగతులు జరుగుట గూర్చియు, అట్టి ప్రమాదము పొంచియున్న కుటుంబములకు ఏ విధమైన సహాయము చేయవచ్చుననుట గూర్చియు మాట్లాడుమన్నారు. పండుగనాడు అటువంటి మాట అచ్చులో బాగుండదని ఎవరో తలచి పేరు మార్చినట్లున్నది. మేము మాత్రము మొదట ఇచ్చిన అంశమునే మాట్లాడుతాము. పెద్దలు క్షమించవలెను.

ఈ నూరేండ్లలో మన సంఘములు కట్టిన బడులు, ఆసుపత్రులు, హాస్టళ్ళు ఈ సంచికలో బొమ్మలతో సహా వస్తాయి. బొమ్మ లేని పని ఒకటి ఉన్నది. చేతిసంచీ పట్టుకొని ఎండలో పల్లెనుండి పల్లెకు నడిచిన బైబిలు స్త్రీల పని అది. ఇంటింటికి పోయి వాక్యము చదివి వినిపించుట వారి ఉద్యోగము. కాని ఏ ఇంట పొయ్యి రాజలేదో, ఏ కోడలి చేతిమీద వాత ఉన్నదో, ఏ బిడ్డ నాలుగు రోజులుగా వీధిలోకి రాలేదో ముందుగా తెలిసినది వారికే. మన అమ్మమ్మలు వారికి చెప్పుకొన్నంతగా పాదిరిగారికి చెప్పుకొనలేదు.

ఇటువంటి స్త్రీ ఒకతె తలుపు తట్టుటవలననే పిల్లల రక్షణ కొరకు ఒక సంఘము మొదటిసారిగా పుట్టినదని మనలో చాలామంది విని యుండరు. ఆమె పేరు ఎట్టా వీలర్. న్యూయార్కు నగరములో పేదల ఇళ్ళను దర్శించే మెథడిస్టు మిషను సేవకురాలు. 1873 చివరి దినములలో, ఒక ఇంటిలో ఒక చిన్నపిల్లను చిత్రహింస పెడుతున్నారని ఆమె చెవిని పడినది. ఊరికే లోపలికి ఎట్లు పోవుట? పక్క గదిలో క్షయతో మంచముపట్టిన స్త్రీకి కాస్త తోడుగా ఉండమని అడిగే నెపముతో ఆ తలుపు తట్టినది. డిసెంబరు చలిలో కాళ్ళకు జోడు లేక, తన బరువంత పెనము తోముతూ, చేతులమీద కొరడా చారలతో ఒక ఆడపిల్ల కనబడినది. పేరు మేరీ ఎలెన్. వయస్సు తొమ్మిది దాటినది గాని ఐదేండ్ల పిల్లవలె ఉన్నది. వీలర్ నాలుగు నెలలు తిరిగినది. పోలీసులు సాక్ష్యము తెమ్మన్నారు. ధర్మసంస్థలవారు, చట్టప్రకారము పిల్లను తెచ్చి అప్పగించిన యెడల చూచుకొంటామన్నారు. చివరకు జంతువులపై క్రూరత్వమును ఆపు సంఘమునకు అధ్యక్షుడైన హెన్రీ బెర్గ్ కలుగజేసుకొనగా, 1874 ఏప్రిలులో పిల్ల కోర్టులో నిలబడి తన నోటితో చెప్పినది. పెంచిన ఆమెకు ఒక సంవత్సరము జైలు పడినది. ఆ సంవత్సరాంతమునకే పిల్లల రక్షణ సంఘము న్యూయార్కులో ఏర్పడినది. (పిల్లను జంతువుగా లెక్కించి జంతువుల చట్టము క్రింద విడిపించిరని కొందరు ప్రసంగములలో చెబుతారు. అది నిజము కాదు. వినుటకు బాగుండుటచేత నిలిచిపోయిన కథ.) మేరీ ఎలెన్‌ను వీలర్ బంధువులే పెంచినారు. ఆమె పెండ్లి చేసుకొని, బిడ్డలను కని పెంచి, 92 ఏండ్లు బ్రదికి 1956లో చనిపోయినది.

మేము ఈ కథ చెప్పినది కోర్టు కొరకు కాదు. తలుపు తట్టుట కొరకు. అయితే వీలర్ తట్టునాటికే ఆ బిడ్డ ఒళ్ళంతా గాయములు. రెండేండ్లు ముందుగా ఆ తలుపు తట్టినవారు లేరు. ఆ రెండేండ్లే ఈ రోజు మా అంశము.

మా బృందములో పదునొకండుగురము స్త్రీలము. ఇద్దరు రిటైరయిన టీచర్లు, ఒక నర్సు, తక్కినవారము గృహిణులము. సోషల్ వర్కు చదివి పట్టా పొందినది ఒక్కరే. ఎనిమిదేండ్లుగా వారమునకు రెండు మధ్యాహ్నములు ఇళ్ళకు వెళ్తున్నాము. మొదటి సంవత్సరము మేము చేసినది మేలుకంటె కీడే ఎక్కువ అని ఒప్పుకొనవలెను. ఒక సంగతి చెబుతాము. పేర్లు చెప్పము. మీరు గుర్తుపట్టకుండ ఊరు, వయస్సు వంటివి కొంత మార్చినాము. గుర్తుపట్టినామనుకొన్నవారు దయచేసి భోజనముల దగ్గర చర్చించవద్దు.

కాలువగట్టున ఒక పూరింటికి వెళ్ళినప్పుడు, మూడేండ్ల పాప కాలికి పాతచీర పీలిక కట్టి మంచపుకోడుకు ముడివేసి ఉన్నది. పక్కన సత్తుగిన్నెలో ఎండిన అన్నము. ఈగలు. ఇంట ఎవరును లేరు. మాలో ఒకరు కన్నీళ్ళు పెట్టుకొన్నారు, ఇంకొకరు ఫోనులో ఫొటో తీసినారు. సాయంత్రము తల్లి కూలినుండి రాగానే మేము ఆమెను నలుగురిలో నిలబెట్టి గద్దించినాము. నీవు తల్లివేనా అన్నాము. ఆమె ఏమియు మాట్లాడలేదు. మరుసటి వారము వెళ్ళేసరికి తలుపుకు తాళము. పాప లోపల ఉన్నది. అంతకుముందు తలుపు తెరచి ఉండెడిది, పొరుగువారికి బిడ్డ కనబడుచుండెడిది. మా గద్దింపువలన ఆ కాస్తయు పోయినది.

ఆమెను మేము అడుగవలసిన ప్రశ్నను నెల తరువాత మా నర్సమ్మ అడిగినది: "పాపను ఎందుకు కట్టవలసి వచ్చినదమ్మా?" అప్పుడు చెప్పినది. అంతకుముందు సంవత్సరము ఆ కాలువలోనే పక్కింటి పిల్లవాడు పడి చనిపోయినాడు. భర్త ఇటుకబట్టీకి వెళ్ళి ఆరు నెలలుగా డబ్బు పంపలేదు. నాట్లకు పోకపోతే ఆ పూట గడవదు. అత్త లేదు, తల్లి లేదు. "నీళ్ళలో పోవడంకంటే మంచానికి కట్టి ఉండడం మేలనుకున్నానమ్మగారూ" అన్నది.

అది క్రూరత్వమా? బిడ్డవైపునుండి చూచిన యెడల హాని హానియే. ఆ పాప కాలికి పుండు పడినది, మాట ఆలస్యముగా వచ్చినది. తల్లివైపునుండి చూచిన యెడల, లోకములో ఆమెకు మిగిలిన ఒకే ఒక రక్షణ సాధనము ఆ చీరపీలిక. ఈ రెంటిని ఒకేసారి కంటిముందు ఉంచుకొనుటయే సోషల్ వర్కు అని మాకు ఆనాడు తెలిసినది. అర మైలు దూరములో అంగన్‌వాడీ ఉన్నది. పిల్ల పేరు అక్కడ వ్రాయించలేదు, ఎందుకనగా వ్రాయించుటకు ఒక పూట కూలి పోవును. మేము వెంట వెళ్ళి వ్రాయించినాము. అంగన్‌వాడీ మూసిన తరువాత తల్లి వచ్చేవరకు చూచుటకు ఆ వీధిలోని ఒక ముసలమ్మ ఒప్పుకొన్నది. ఆమెకు మా చందాలనుండి నెలకు కొంచెము ఇచ్చినాము. కాలికి మందు మా నర్సమ్మ కట్టినది. ఇంతే. ఇందులో పెద్ద సంగతి ఏదియు లేదు. అంగన్‌వాడీలు మన దేశములో 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైనవి. ఇప్పుడు లేని ఊరు అరుదు. కాని ఆ అర మైలు నడిపించే మనిషి లేకపోతే కొందరికి అది ఢిల్లీ అంత దూరము.

ఇది ఏదో ఒక ఇంటి కథ అని అనుకొనువారికి ఒక లెక్క చెబుతాము. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదిక ప్రకటించినారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు పిల్లలు దెబ్బలకు గురియగుచున్నామన్నారు. ఇంటిలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతము మందిని కొట్టినది కన్న తలిదండ్రులే. ఏదో ఒక రూపములో లైంగిక వేధింపునకు గురియైనామన్నవారు 53 శాతము పైచిలుకు. ఆ పని చేసినవారిలో సగముమంది బిడ్డకు తెలిసినవారు, నమ్మినవారు. ఈ లెక్కలలో క్రైస్తవులు ఎందరని మమ్మును అడుగవద్దు. మేము వెళ్ళిన ఇళ్ళలో గోడకు వాక్యపు క్యాలెండరు ఉన్నవి, లేనివి రెండును ఉన్నవి.

వైద్యులు సహితము చాలకాలము దీనిని నమ్మలేదు. 1962లో అమెరికాలోని డెన్వరులో హెన్రీ కెంప్ అను పిల్లల డాక్టరు, ఆయన తోటివారు ఎక్స్‌రేలలో పాత విరుగుళ్ళు, క్రొత్త విరుగుళ్ళు పక్కపక్కన చూపించి, ఇవి పడుటవలన కలిగినవి కావు, కొట్టుటవలన కలిగినవి అని వ్రాసినారు. తలిదండ్రులు ఇట్లు చేయుదురని ఒప్పుకొనుటకు మా డాక్టర్లకే మనస్సు రాదని కూడ వారు చెప్పినారు. డాక్టర్లకే రానప్పుడు సంఘ పెద్దలకు వచ్చుట కష్టమే.

ఒక తండ్రిని గూర్చి చెబుతాము. ఆటో నడుపుతాడు. మంచివాడు, ఆదివారము తప్పడు. కొడుకును బెల్టుతో కొట్టుచుండెడివాడు. దండన లేకపోతే బిడ్డ చెడిపోవునని మాతో వాదించినాడు. బెత్తమును గూర్చి సామెతల గ్రంథములో ఉన్న మాట మన మగవారికి కంఠస్థముగా వచ్చినంతగా, బిడ్డలకు కోపము రేపవద్దని తండ్రులకు పౌలు చెప్పిన మాట రాదు. ఇది మా అనుభవము. మాలోని టీచరమ్మ వాదము పెట్టుకొనలేదు. ఏ రోజులలో కొట్టినదియు అతని భార్యతో క్యాలెండరుమీద గుర్తు పెట్టించినది. మూడు నెలలు చూడగా గుర్తులన్నియు నెల మొదటివారములోనే ఉన్నవి. ఆటో ఫైనాన్సు వాయిదా అయిదవ తేదీ. వసూలుకు వచ్చినవాడు వీధిలో నిలబడి కేకలు వేస్తాడు. ఆ సాయంత్రము పిల్లవాడు గ్లాసు పడవేసినా చాలును. ఆ క్యాలెండరు చూచి తండ్రి చాలసేపు తల ఎత్తలేదు. తరువాత మేము చేసినది రెండే. వాయిదా తేదీ మార్పించుటకు ఒక సంఘ పెద్ద అతనితో కూడ ఫైనాన్సు ఆఫీసుకు వెళ్ళినారు. కోపము వచ్చినప్పుడు బిడ్డను ముట్టక గుమ్మము దాటి వీధి చివరివరకు నడిచి రమ్మని మేము చెప్పినాము. అతడు ఒక్కరోజులో మారలేదు. రెండుమార్లు మరల కొట్టినాడు, కొట్టినానని తానే వచ్చి చెప్పినాడు.

అప్పు, తాగుడు, ఒంటరి తల్లి, చెవుడో మూగో ఉన్న బిడ్డ, సవతి కాపురము, తల్లి గల్ఫుకు పోగా తాతమ్మల దగ్గర మిగిలిన పిల్లలు. ఇవి ఉన్న ప్రతి ఇంట హాని జరుగునని కాదు. ఇవి రెండు మూడు ఒకచోట చేరి, వచ్చిపోవు మనిషి లేనప్పుడు జరుగును. అందుచేత వచ్చిపోవు మనిషి ఉండిన యెడల ఏమగునో పరీక్షించి చూచినవారు ఉన్నారు. 1970ల చివర న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరా అను చిన్న పట్టణములో డేవిడ్ ఓల్డ్స్ అను ఆయన, తొలిచూలు గర్భిణులు 400 మందిని చేర్చుకొన్నాడు. చాలవరకు పేదవారు, చిన్న వయస్సువారు, భర్తలేనివారు. కొందరి ఇళ్ళకు గర్భముతో ఉన్నప్పటినుండి బిడ్డకు రెండేండ్లు నిండువరకు ఒకే నర్సు వస్తూపోతూ ఉండెడిది. పదునైదేండ్ల తరువాత చూడగా, నర్సు రెండేండ్లు వెళ్ళిన తల్లులమీద పిల్లలను హింసించినట్లు, నిర్లక్ష్యపెట్టినట్లు రుజువైన ఫిర్యాదులు, వెళ్ళని వారితో పోల్చగా దాదాపు సగమే.

ఆ లెక్కలోనే మరియొక సంగతి బయటపడినది, దానిని దాచరాదు. భర్త భార్యను తరచుగా కొట్టే ఇళ్ళలో నర్సు వెళ్ళినను ఈ మేలు కనబడలేదు. మా అనుభవమును అదే. తల్లి దెబ్బలు తినే ఇంట బిడ్డకు మేము నేర్పే మంచిమాటలు గాలికి పోయినవి. అక్కడ ముందు తల్లిని కాపాడవలెను. 2005 గృహహింస చట్టము క్రింద రక్షణాధికారి ఉన్నారు, ఆయన దగ్గరకు తీసికొనిపోవుట మేము నేర్చుకొన్నాము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణము మూయించినది పుస్తకములు చదివి కాదు. తమ ఇంటిలో సాయంత్రము ఏమి జరుగునో వారికి తెలియును గనుక. 1993లో సారా నిషేధమైనది, 1995లో మొత్తము మద్యమే నిషేధమైనది, రెండేండ్లకు సడలింపబడినది. ఇప్పుడు దుకాణము ఊరి మధ్యనే ఉన్నది.

ఇంతవరకు విన్నవారు ఇంత శ్రమ ఎందుకు, అటువంటి పిల్లలను మన హాస్టలులో చేర్చిన యెడల సరిపోదా అని అడుగుతారు. అడిగినారు కూడ. ఇక్కడ మేము కొంచెము నిష్ఠురముగా మాట్లాడవలసియున్నది.

మేమందరము మిషను బోర్డింగు అన్నము తిన్నవారి బిడ్డలమే. ఆ హాస్టళ్ళు లేకపోతే ఈ పందిరిలో సగముమందికి చదువు లేదు. అది వేరు. ఊరిలో బడి లేనందున హాస్టలులో ఉంచుట ఒకటి, ఇంట బువ్వ లేనందున బిడ్డను ఇంటినుండి తెంచుట మరియొకటి. ఒక విధవరాలు తన ఇద్దరు పిల్లలను చేర్చుకొమ్మని మా దగ్గరకు వచ్చినది. సంతకము పెట్టుటకు సిద్ధముగా ఉన్నది. చిన్నవాడు ఆమె కొంగు నోటిలో పెట్టుకొని నములుతున్నాడు. ఎందుకు చేర్చుతావమ్మా అంటే, అద్దె కట్టలేక అన్నది. ఆ పిల్లలకు కావలసినది తల్లి కాదా? ఆ తల్లికి కావలసినది అద్దె.

చట్టమును ఇదే చెబుతున్నది. 2015లో చేసిన బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను సంస్థలో ఉంచుట అన్ని మార్గములు చూచిన తరువాత చివరిది. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ప్రతి సంస్థ ఆ చట్టము క్రింద రిజిస్టరు కావలెను. మనవి అన్నియు అయినవా అని అడుగవలసినవారు అడుగుదురు గాక. జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉన్నది: ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. దిక్కులేని బిడ్డ, హింసకు గురియైన బిడ్డ దొరికిన యెడల ప్రయాణకాలము తీసివేసి 24 గంటలలోపల సమితి యెదుట హాజరుపరచవలెను. సమితి ఆజ్ఞపై సోషల్ వర్కరు పదునైదు దినములలో ఇంటి స్థితిగతులు విచారించి నివేదిక ఇవ్వవలెను. బిడ్డను మనమే తెచ్చుకొని మనమే ఉంచుకొనుట దయ కావచ్చును గాని చట్టము కాదు.

ఆ విధవరాలి విషయములో స్పాన్సర్‌షిప్ అను సహాయము ఉన్నదని మాకు జిల్లా బాలల సంరక్షణ విభాగములో తెలిసినది. 2022 మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారము బిడ్డ ఇంటిలోనే ఉండి చదువుకొనుటకు నెలకు 4,000 రూపాయలు. తల్లి విధవరాలు గాని విడిచిపెట్టబడినది గాని అయిన యెడల, తలిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్న యెడల, బిడ్డ అనాథయై బంధువుల దగ్గర ఉన్న యెడల అర్హత కలదు. కుటుంబ ఆదాయము పల్లెలలో సంవత్సరమునకు 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. చెప్పుటకు తేలిక. ఆమెకు భర్త మరణపత్రము లేదు, ఆధారులో ఇంటిపేరు వేరు, బ్యాంకు ఖాతా మూతపడినది. మూడు ఆఫీసుల చుట్టు మాలో ఒకరు ఆమెతో పదునాలుగు మార్లు తిరిగినారు. అద్దె మాత్రము ఆగదు గదా, ఆ ఏడు నెలలు స్త్రీల మైత్రివారు కట్టినారు. ఇప్పుడు పిల్లలిద్దరు తల్లి దగ్గరే ఉన్నారు. ఒక హాస్టలు గది కట్టించే ఖర్చుతో ఇటువంటి అద్దెలు ఎన్ని కట్టవచ్చునో ఆర్థిక కమిటీవారు లెక్క వేయవలెనని మనవి.

అయితే కుటుంబము, కుటుంబము అని కన్నులు మూసుకొనరాదు. ఇంగ్లండులోని బ్రైటన్‌లో మరియా కోల్‌వెల్ అను పిల్ల, పెంచిన మేనత్త దగ్గరనుండి కన్నతల్లికి అప్పగింపబడినది. పొరుగువారు, టీచరు మరల మరల చెప్పినారు. ఎవరికి వారు విన్నారు, ఒకరితో ఒకరు చెప్పుకొనలేదు. 1973 జనవరిలో సవతి తండ్రి దెబ్బలకు ఏడేండ్ల పిల్ల చనిపోయినది.

మా తప్పు ఇంతకంటె దగ్గరిది. తల్లి కువైటులో ఇంటిపనికి వెళ్ళిన ఒక పాప, అమ్మమ్మ దగ్గర ఉండి, బంధువొకడు తనతో ఎట్లు ప్రవర్తించుచున్నాడో ఆదివార పాఠశాల టీచరుతో చెప్పినది. టీచరు మాతో చెప్పినది, మేము పెద్దలతో చెప్పినాము. పెద్దలు కూర్చున్నారు. తల్లికి తెలిసిన యెడల ఉద్యోగము వదలి వచ్చును, అప్పు తీరదు, పిల్లకు పెండ్లి కాదు, సంఘము పరువు పోవును అన్నారు. వాడితో క్షమాపణ చెప్పించి, పిల్లను దూరపు హాస్టలులో చేర్చినారు. మేమును అక్కడనే ఉన్నాము, ఒకరమును నోరు తెరువలేదు. పిల్లను కాపాడినామనియే ఇంటికి వెళ్ళినాము. ఆ పిల్లకు మాత్రము ఇల్లు, చెల్లెలు, బడి, స్నేహితురాండ్రు అన్నియు పోయినవి. తప్పు చేసినవాడు తన మంచముమీదనే పండుకొన్నాడు. రెండేండ్లకు చెల్లెలికి పదియేండ్లు వచ్చినవి.

ఆ చెల్లెలి విషయమున మేము 1098కి ఫోను చేసినాము. ఆలస్యముగా చేసినాము.

2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపకపోవుట నేరము. ఆరు నెలలవరకు జైలు, లేక జరిమానా, లేక రెండును. సంస్థకు అధిపతియై యుండి తన క్రిందివాని నేరమును దాచిన యెడల ఒక సంవత్సరమువరకు జైలు, జరిమానా. పాదిరిగారు, వార్డెను, సంఘ పెద్ద, మేము, ఎవరమును దీనికి మినహాయింపు కాము. బిడ్డ పేరు, ఊరు ఎక్కడను బయటపెట్టరాదు. ఇది పెద్దలు కూర్చుండి తీర్చవలసిన తగవు కాదు. 1098 అను ఆ నెంబరు 1996లో బొంబాయిలోని టాటా సోషల్ వర్కు విద్యాలయమువారి పనిగా ఆరంభమైనది. 2023 నుండి ప్రభుత్వములే 112తో కలిపి నడుపుతున్నవి. డబ్బు పడదు, రాత్రియైనను పలుకుతారు. ఆ విద్యాలయమునకు 1936లో మొదటి అధిపతియైనది బొంబాయి నాగపాడలో పేదల మధ్య పనిచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను మిషనరీ అని చెప్పుకొని సంతోషించవచ్చును, కాని ఆయన మన తరఫున ఫోను చేయడు.

ఇళ్ళకు వెళ్ళదలచినవారికి మేము దెబ్బలు తిని నేర్చుకొన్నవి కొన్ని. గుంపుగా వెళ్ళవద్దు, ఇద్దరు చాలును, ప్రతిసారి ఆ ఇద్దరే. ఫొటో తీయవద్దు. వంటింటివైపు చూస్తూ మాట్లాడవద్దు. వస్తామన్న రోజున తప్పక వెళ్ళండి. ఒకసారి మానిన యెడల నాలుగు నెలల నమ్మకము పోవును. బిడ్డను తల్లి యెదుట మెచ్చుకొనండి, తల్లిని బిడ్డ యెదుట మెచ్చుకొనండి. బిడ్డ ఏదైన చెప్పిన యెడల, ఎవ్వరికిని చెప్పనని మాట ఇవ్వవద్దు. ఆ మాట మీరు నిలుపుకొనలేరు, నిలుపుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, వారి సంగతి శుక్రవారము ప్రార్థన కూటములో ప్రార్థనాంశముగా చెప్పవద్దు. కన్నులు మూసుకొని చెప్పినంతమాత్రమున అది చాడీ కాకుండ పోదు. ఆ విధముగా మేము ఒక కుటుంబమును శాశ్వతముగా పోగొట్టుకొన్నాము.

మా మనవి ఒకటే. శతవార్షిక నిధినుండి క్రొత్తగా నలుబది పడకల హాస్టలు కట్టవలెనని తీర్మానము రేపటి సభలో రానున్నది. దానిని ఒక సంవత్సరము ఆపి, ఆ సొమ్ముమీది వడ్డీతో సోషల్ వర్కు చదివిన ఇద్దరిని జీతమిచ్చి పెట్టుమని అడుగుతున్నాము. ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు. మా వంటివారము తలుపు తట్టగలము, కూర్చుండి వినగలము. ఏ ఇంటిని వదలిపెట్టవచ్చునో, ఏ ఇంటికి ఆ రాత్రియే పోలీసును తీసికొనిపోవలెనో నిర్ణయించుటకు చదువుకొన్న మనిషి కావలెను. ఎనిమిదేండ్లలో మేము ఆ నిర్ణయము ఎన్నిసార్లు తప్పుగా చేసినామో మాకు తెలియును.

ఇళ్ళకు వెళ్ళుటకు ఇష్టపడువారి కొరకు భోజనముల పందిరి దగ్గర బల్లమీద ఒక పుస్తకము పెట్టినాము. పాస్టరేటు పేరు, ఏ రోజు తీరిక ఉండునో వ్రాయండి. ప్రొద్దున చూచేసరికి ముప్పదియొక్క పేర్లు ఉన్నవి. అందులో మగవారు ఒక్కరే, ఆ ఆటో నడిపే ఆయన. తండ్రులతో మాట్లాడుటకు మాకు ఇంకను కొందరు కావలెను.